ఇండోనేషియాలో పెట్టుబడి: లా ఫర్మా, బిగ్ ఫోరా, ఏజెన్సీయా? ఏ పని ఎవరికి ఇవ్వాలి

ఇండోనేషియాలో కంపెనీ పెట్టాలని వాకబు మొదలుపెట్టగానే "కొద్ది రోజుల్లో పీటీ పీఎంఏ, అన్నీ కలిపి ఒకే ధర" అనే ఏజెన్సీలు వరసగా తగులుతాయి. పీటీ పీఎంఏ అంటే విదేశీ పెట్టుబడితో అక్కడ పెట్టే కంపెనీ. అదే పనికి జకార్తాలో పెద్ద లా ఫర్మ్‌ని అడిగితే గంటల లెక్కన బిల్లు అంటారు, ఎన్ని గంటలో మాత్రం తేల్చరు. చాలామంది ఈ రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని ధర చూసి నిర్ణయిస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. చూడాల్సింది ధర కాదు, తప్పు జరిగితే దిద్దుకోగలమా లేదా అన్నది. పన్ను రిటర్న్ ఆలస్యమైతే జరిమానాతో పోతుంది. మీ డబ్బుతో కొన్న భూమి వేరొకరి పేరున ఉంటే దానికి జరిమానా ఉండదు, భూమే ఉండదు. దిద్దుకోలేని పనులు లాయర్‌కి, దిద్దుకోగలిగినవి ఏజెన్సీకి, పన్ను పని పన్ను నిపుణుడికి. ఇలా విడగొట్టి ఇస్తే మొత్తం ఖర్చు కూడా చాలాసార్లు తగ్గుతుంది.

ఎవరెవరున్నారు, ఎవరికి ఏ అధికారం ఉంది

ముందు లా ఫర్మ్‌ల సంగతి. 2003 నాటి 18వ నంబరు అడ్వకేట్ల చట్టం ప్రకారం విదేశీ లా ఫర్మ్ ఇండోనేషియాలో సొంత ఆఫీసు తెరవకూడదు. అంతర్జాతీయ పేరున్న బోర్డు కనిపిస్తే, అది ఆ విదేశీ ఫర్మ్‌తో ఒప్పందంలో ఉన్న స్థానిక ఫర్మ్ అని అర్థం. విదేశీ లాయర్ అక్కడ ప్రభుత్వ అనుమతితో ఉద్యోగిగానో నిపుణుడిగానో పనిచేస్తాడు, కోర్టులో వాదించలేడు. సమావేశంలో చక్కటి ఇంగ్లిష్‌లో మాట్లాడే పార్ట్‌నర్ ఎవరన్నది ముఖ్యం కాదు, లీగల్ ఒపీనియన్ మీద సంతకం ఎవరిదన్నది అడగండి. సంతకం పెట్టే అడ్వకేట్ దగ్గర బార్ సభ్యత్వ కార్డుతో పాటు హైకోర్టులో చేసిన ప్రమాణ పత్రం కూడా ఉండాలి. అక్కడ బార్ సంఘాలు చాలా ఉన్నాయి కాబట్టి కార్డు ఒక్కటీ చూసి ఊరుకోవద్దు.

మధ్య స్థాయి స్థానిక లా ఫర్మ్‌లను విదేశీ పెట్టుబడిదారులు తక్కువగా అంచనా వేస్తారు. ఒక ఫ్యాక్టరీ, ఒక జాయింట్ వెంచర్ స్థాయి పనికి ఇవే సరిగ్గా సరిపోతాయి. స్థానిక అధికారులతో, భూమి కార్యాలయంతో రోజూ పని ఉండేది వీళ్లకే. లోపం ఎక్కడంటే, ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్ నాణ్యత ఫర్మ్‌ని బట్టి మారిపోతుంది. పేర్లు తీసేసిన పాత షేర్‌హోల్డర్ల ఒప్పందం నమూనా ఒకటి అడిగి చదివితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

బిగ్ ఫోర్ అంటే డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ అనే నాలుగు పెద్ద ఆడిట్ సంస్థలు. వీటి బలం పన్ను, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూప్ కంపెనీల మధ్య లావాదేవీల ధరల లెక్క), కొనుగోలుకు ముందు జరిపే ఆర్థిక పరిశీలన. మీ ఆడిటర్‌గా ఏ ఫర్మ్ ఉండబోతోందో ముందే అనుకోండి. ఆడిట్ చేసే ఫర్మే ఖాతా పుస్తకాలు రాయకూడదు. సలహా పని ఒకరికి ఇచ్చేసి, తర్వాత గ్రూప్ ఆడిటర్ కూడా వాళ్లేనని గుర్తించి, మధ్యలో మనుషుల్ని మార్చుకోవడం అనవసరపు తలనొప్పి.

నోటరీ విషయంలో మన అలవాటు మోసం చేస్తుంది. మనకు నోటరీ అంటే ముద్ర వేసి పంపేసే మనిషి. ఇండోనేషియాలో నోటరీ ప్రభుత్వం నియమించిన అధికారి. కంపెనీ స్థాపన పత్రం, వాటాల బదిలీ పత్రం తయారయ్యేది ఆయన దగ్గరే. స్థాపన పత్రం మీద సంతకం అయిన 60 రోజుల్లోపు న్యాయశాఖ ఆమోదానికి దరఖాస్తు వెళ్లకపోతే ఆ పత్రం చెల్లదు. కానీ నోటరీ ఎవరి పక్షమూ కాదు. మీ భాగస్వామికి వీటో హక్కులు ఎక్కువ వెళ్తున్నాయని ఆయన మిమ్మల్ని హెచ్చరించడు, అది ఆయన పని కూడా కాదు. "నోటరీ చూశారు కదా" అని లాయర్‌ని మానేయడం మంచిది కాదు.

ఇక ప్రభుత్వం. పెట్టుబడుల మంత్రిత్వ శాఖ, అదే బీకేపీఎం, వ్యాపార అనుమతులిచ్చే ఓఎస్ఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్ మీద సందేహాలకు ఉచితంగానే సాయం చేస్తుంది. ఎన్ఐబీ, అంటే వ్యాపార గుర్తింపు సంఖ్య, జారీకి రుసుము లేదు. కొటేషన్‌లో "ఎన్ఐబీ ప్రభుత్వ ఫీజు" అని ఒక వరుస కనిపిస్తే ఆ కొటేషన్ అక్కడితో మడిచి పక్కన పెట్టొచ్చు.

లాయర్ లేకుండా ముట్టుకోకూడనివి

మొదటిది బినామీ ఏర్పాటు. పీటీ పీఎంఏకి భూమి, భవనాలు కాకుండా ఒక్కో వ్యాపార కోడ్‌కి, ఒక్కో ప్రదేశానికి 1,000 కోట్ల రుపయాలకు (ఇండోనేషియా కరెన్సీ, మన రూపాయి కాదు) మించిన పెట్టుబడి ప్రణాళిక ఉండాలి. దాన్ని తప్పించుకోవడానికి కొన్ని ఏజెన్సీలు ఇద్దరు స్థానికుల పేరున మామూలు పీటీ, అంటే స్థానిక కంపెనీ, పెట్టిస్తాయి. వెనక మీ పేరున అప్పు పత్రం, వాటాల తాకట్టు, వెనక్కి తీసుకోలేని పవర్ ఆఫ్ అటార్నీ, కొనుగోలు హక్కు ఒప్పందం. పేర్చిన కాగితాలు చూస్తే కట్టుదిట్టంగానే అనిపిస్తుంది. 2007 నాటి 25వ నంబరు పెట్టుబడి చట్టం 33వ అధికరణం మాత్రం వాటాలు ఒకరి పేరున ఉండి నిజానికి మరొకరివని చెప్పే ఒప్పందాన్ని నిషేధించింది, అలాంటిది చట్టరీత్యా శూన్యమని కూడా చెప్పింది. అన్ని పత్రాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే అసలు ఉద్దేశం అదేనని అవే సాక్ష్యం చెబుతాయి. పేరు ఇచ్చిన వ్యక్తి చనిపోయినా, విడాకులు తీసుకున్నా, అప్పుల్లో పడ్డా మీ వాటాలు అతని ఆస్తి గొడవలో చేరిపోతాయి.

"అందరూ ఇలాగే చేస్తున్నారండీ" అనేది దీనికి మామూలుగా వచ్చే జవాబు. ఇక్కడే సలహాదారును తూచే తేలికైన పరీక్ష ఉంది: ఈ ఏర్పాటు కోర్టులో నిలుస్తుందని ఒక అడ్వకేట్ సంతకంతో అభిప్రాయం రాసిమ్మనండి. చట్టం అంత సూటిగా ఉన్నచోట పేరు నిలబెట్టుకోవాలనుకునే అడ్వకేట్ ఎవరూ దాని కింద సంతకం పెట్టరు.

రెండోది భూమి. 1960 నాటి భూమి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, వాళ్ల మాటలో హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. పీటీ పీఎంఏ తీసుకోగలిగింది నిర్మాణ హక్కు: 30 ఏళ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ 30. బదిలీ పత్రం రాయాల్సింది పీపీఏటీ అనే భూమి పత్రాల అధికారి. నోటరీలే పీపీఏటీలుగా కూడా ఉండటం మామూలే కానీ పీపీఏటీ అధికార పరిధి ఒక ప్రావిన్స్ వరకే. కంపెనీ పెట్టించిన జకార్తా నోటరీయే బాలిలో స్థలానికి కూడా పత్రం రాసేస్తాడనుకుంటే కుదరదు. బయానా ఇచ్చే ముందు సర్టిఫికెట్‌ను భూమి కార్యాలయంలో సరిచూడటం, ఆ స్థలం జోన్ మీ వ్యాపారానికి సరిపోతుందా అని చూడటం రెండు వేర్వేరు పనులు. ఏజెన్సీ ప్యాకేజీల్లో రెండోది తరచూ ఎగిరిపోతుంది.

మూడోది ఒప్పందాలు, వివాదాలు. 2009 నాటి 24వ నంబరు భాషా చట్టం ఇండోనేషియా పక్షం ఉన్న ఒప్పందంలో వాళ్ల భాష వాడాలంటుంది. 2013లో వెస్ట్ జకార్తా జిల్లా కోర్టు ఇంగ్లిష్‌లో మాత్రమే ఉన్న ఒక రుణ ఒప్పందాన్ని ఈ కారణంతోనే రద్దు చేసింది. 2015లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన సర్క్యులర్ కొంత ఊరటనిచ్చింది: అనువాదం లేకపోవడంలో దురుద్దేశం ఉందని రుజువైతే తప్ప ఆ కారణంతో ఒప్పందం కొట్టేయకూడదని. అయినా రెండు భాషల్లో, రెండు నిలువు వరుసల్లో ఒప్పందం రాయించుకోవడానికి అయ్యే ఖర్చు ఎంతని! అందులో ఏ భాష పాఠం చెల్లుతుందో కూడా రాసుకోవాలి.

వివాద పరిష్కారం నిబంధనను చివర్లో అతికించే చిన్న పేరాగా చూడొద్దు. విదేశీ కోర్టు తీర్పు ఇండోనేషియాలో అమలు కాదు. విదేశీ ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) అవార్డు మాత్రం న్యూయార్క్ ఒడంబడిక కింద, సెంట్రల్ జకార్తా జిల్లా కోర్టులో నమోదు చేయించి అమలు చేయించుకోవచ్చు. "వివాదాలు సింగపూర్ కోర్టుల పరిధి" అని రాసిచ్చిన సలహాదారు మీకు గెలుపు ఇప్పించొచ్చు, డబ్బు రాబట్టలేడు. అదే సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ అని ఉంటే కథ వేరు.

ఉన్న కంపెనీని కొంటుంటే పెద్ద ఫర్మ్ ఖర్చుకు తగిన పని అదే. నియంత్రణ చేతులు మారే కొనుగోలుకి షేర్‌హోల్డర్ల సమావేశపు నోటీసుకు 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, ఉద్యోగులకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ప్రకటన మీద అభ్యంతరం చెప్పడానికి అప్పులిచ్చినవాళ్లకు 14 రోజుల గడువు ఉంటుంది. ఇరుపక్షాలవీ కలిపి ఆస్తులు 2.5 లక్షల కోట్ల రుపయాలో అమ్మకాలు 5 లక్షల కోట్లో దాటితే, కొనుగోలు చట్టబద్ధంగా పూర్తయిన 30 పని దినాల్లో పోటీ సంస్థ కేపీపీయూకి తెలియజేయాలి. ఆలస్యానికి రోజుకు 100 కోట్ల రుపయాల చొప్పున, గరిష్ఠంగా 2,500 కోట్ల దాకా జరిమానా.

ఏజెన్సీకి ఇవ్వొచ్చు, కానీ ఈ మూడు మీరే తేల్చాలి

కంపెనీ నమోదు, పన్ను సంఖ్య, వీసాలు, నెలవారీ ఫైలింగ్: వీటిలో మంచి ఏజెన్సీ పెద్ద లా ఫర్మ్ కంటే వేగంగా పనిచేస్తుంది. పెద్ద ఫర్మ్‌లోనూ ఈ పని చేసేది జూనియర్లో పారాలీగల్సో, బిల్లు మాత్రం ఫర్మ్ రేటుకి. అయితే ఫారాలు నింపే పనిలో మూడు నిర్ణయాలు దాక్కుని ఉంటాయి.

ఒకటి కేబీఎల్ఐ, ఐదంకెల వ్యాపార కోడ్. "భవిష్యత్తుకి పనికొస్తాయి" అని ఐదారు కోడ్‌లు చేర్చేసే ఏజెన్సీలు ఉన్నాయి. పైన చెప్పిన 1,000 కోట్ల లెక్క ఒక్కో కోడ్‌కి వర్తిస్తుందన్న సంగతి అప్పుడు ఎవరూ ఎత్తరు. ప్రతి మూడు నెలలకూ పెట్టుబడి నివేదిక, ఎల్‌కేపీఎం, దాఖలు చేసేటప్పుడు సున్నాలు కనిపించి హెచ్చరికలు మొదలైతే బయటపడుతుంది. టోకు వ్యాపారానికి లెక్క మొదటి నాలుగంకెల మీద, కాబట్టి అక్కడ కొంత వెసులుబాటు ఉంది. కోడ్ తప్పు పడితే ఇంకో చిక్కు: టోకు కోడ్ తీసుకున్న కంపెనీ నేరుగా వినియోగదారుడికి అమ్మలేదు. ఆన్‌లైన్ అమ్మకాల ఆలోచన ఉన్నవాళ్లు ఇది తెలియకే దెబ్బతింటారు.

రెండు, మూలధనం. 2025లో వచ్చిన బీకేపీఎం 5వ నంబరు నిబంధన చెల్లించిన మూలధనం కనీస మొత్తాన్ని 250 కోట్ల రుపయాలకు తగ్గించింది, మొత్తం పెట్టుబడి పరిమితి మాత్రం అలాగే ఉంది. ఆ 250 కోట్లను 12 నెలలపాటు వెనక్కి తరలించకూడదు. ఆస్తులు కొనడానికి, నిర్మాణానికి, వ్యాపారం నడపడానికి వాడుకోవచ్చు. "డబ్బు వేయనక్కర్లేదు, వేశామని ఒక ప్రకటన పత్రం చాలు" అనే సలహా వింటే జాగ్రత్త. ఆ పత్రం కింద సంతకం మీ డైరెక్టర్‌ది, ఏజెన్సీది కాదు. పైగా ఇన్వెస్టర్ నివాస అనుమతి కావాలంటే వ్యక్తి పేరున 1,000 కోట్ల రుపయాల వాటాలు చూపాలి. 250 కోట్లతో కంపెనీ పెట్టించి, ఆ తర్వాత వీసా అడిగితే "ఉద్యోగి అనుమతి తీసుకోండి" అంటారు. దానికి ఆర్‌పీటీకేఏ, అంటే విదేశీ ఉద్యోగుల నియామక ప్రణాళిక, ఆమోదం, నెలకు 100 డాలర్ల చొప్పున రుసుము అదనం.

మూడు, చిరునామా. వర్చువల్ ఆఫీస్ సేవల కంపెనీకి సరిపోవచ్చు. గోదాము, తయారీ, ఆహారం వంటి వాటికి నప్పదు. కోడ్ తేలాకే చిరునామా తీసుకోండి. ఏజెన్సీ తన సొంత వర్చువల్ ఆఫీస్‌ను ముందే అంటగడితే ఆ క్రమం తలకిందులైనట్టే.

కొటేషన్ ఎలా చదవాలి

మామూలు ఏజెన్సీ కొటేషన్‌లో కనిపించే వరుసలు ఇవి: పేరు రిజర్వేషన్, నోటరీ పత్రం, న్యాయశాఖ ఆమోదం, పన్ను సంఖ్య, ఎన్ఐబీ. కింద "వ్యాపారానికి సిద్ధం" అని ఉంటుంది. అది నిజమా కాదా అన్నది మీ కోడ్ రిస్క్ స్థాయిని బట్టి ఉంటుంది. తక్కువ రిస్క్ అయితే ఎన్ఐబీ చాలు. మధ్యస్థ-తక్కువ అయితే, నిర్దేశిత ప్రమాణాలు పాటిస్తున్నామని స్వయంగా ప్రకటించే ప్రమాణ పత్రం తోడవుతుంది. మధ్యస్థ-ఎక్కువ స్థాయిలో ఆ ప్రమాణ పత్రాన్ని అధికారులు తనిఖీ చేసి ధ్రువీకరించాలి, ఎక్కువ రిస్క్‌లో విడిగా లైసెన్సే కావాలి. ఈ చివరి రెండింటిలో ఎన్ఐబీ చేతికొచ్చినంత మాత్రాన ఉత్పత్తి మొదలుపెట్టకూడదు. వీటితో పాటు స్థల వినియోగ అనుమతి, పర్యావరణ పత్రం, భవన ఆమోదం ఉన్నాయి. ఫ్యాక్టరీకి అసలు సమయం పట్టేది వీటికే. కొటేషన్‌లో కనిపించనివీ ఇవే.

అందుకే కొటేషన్ అడిగేటప్పుడే కోడ్ చెప్పి, దాని రిస్క్ స్థాయి ఏమిటో, ఎన్ఐబీ తర్వాత ఇంకా ఏయే అనుమతులు కావాలో, అందులో మీ ధరలో ఏవి లేవో రాసిమ్మనండి. "లేనివి" అన్న జాబితా రాయడానికి వెనకాడేవాళ్ల దగ్గర అదనపు బిల్లులు తప్పవు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఏ నిబంధన ప్రకారం చెబుతున్నారని అడగండి. రిస్క్ ఆధారిత లైసెన్సులకు 2021 నాటి 5వ నంబరు ప్రభుత్వ నిబంధన పోయి 2025లో 28వ నంబరు వచ్చింది. విదేశీయులకు మూసిన రంగాల పాత నెగెటివ్ లిస్ట్ 2021లోనే పోయింది. ఇప్పటికీ నెగెటివ్ లిస్ట్ పేరు చెప్పే సలహాదారు వెబ్‌సైట్ ఎంత మెరిసినా పక్కకు పెట్టాల్సిందే.

పన్ను సలహాదారు: లైసెన్సు మీద అక్షరం చూడండి

ఇండోనేషియాలో పన్ను కన్సల్టెంట్ లైసెన్సులు ఏ, బీ, సీ అని మూడు స్థాయిలు. ఏ స్థాయి వాళ్లు వ్యక్తుల పని చేయొచ్చు. బీ స్థాయి కంపెనీలకూ చేయొచ్చు కానీ విదేశీ పెట్టుబడి కంపెనీలు అందులోకి రావు. పీటీ పీఎంఏకి కావాల్సింది సీ. ఏజెన్సీలు "మా దగ్గర ట్యాక్స్ టీమ్ ఉంది" అంటాయి; ఆ టీమ్‌లో సీ లైసెన్సు ఉన్న మనిషి పేరు అడగండి.

లాభాలు వెనక్కి తెచ్చుకునే దారి మొదటి ఏడాదే ఆలోచించుకోవాలి. డివిడెండ్ మీద విదేశీ వాటాదారుకు 20 శాతం కోత, భారత్‌తో ఒప్పందం కింద అది 10 శాతం. తగ్గింపు దానంతట అది రాదు: వాటాదారు దేశపు పన్ను అధికారి ధ్రువీకరణతో డీజీటీ ఫారం కావాలి. డబ్బు పంపాక దాని కోసం పరుగెత్తేవాళ్లు 20 శాతం కట్టి, వాపసు కోసం ఎదురుచూస్తారు.

నిధులు భారత్ నుంచి వెళ్తుంటే ఇక్కడి సీఏ పాత్ర తప్పదు. 2022 నాటి విదేశీ పెట్టుబడి నిబంధనల కింద ఏడీ బ్యాంకు (విదేశీ మారకానికి అనుమతి ఉన్న బ్యాంకు) ద్వారా ఫారం ఎఫ్‌సీ, డబ్బు పంపే ముందే యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య, ఆరు నెలల్లో పెట్టుబడి రుజువు, ఆ తర్వాత ఏటా వార్షిక నివేదిక. జకార్తా సలహాదారుకి ఇవేవీ పట్టవు. అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా పత్రాలకు ఇచ్చే ధ్రువీకరణ, విషయంలో మాత్రం పని తేలికైంది: ఇండోనేషియా 2022 జూన్ 4 నుంచి అపోస్టిల్‌ను అంగీకరిస్తోంది. "కాన్సులేట్ ముద్ర వేయించాలి" అని విడిగా ఫీజు రాస్తే ఎందుకని అడగండి.

ఫీజు పద్ధతి

నమోదు పనికి స్థిర ధర, ఒప్పందాల డ్రాఫ్టింగ్‌కి పరిమితి ఉన్న గంటల లెక్క, నడుస్తున్న కంపెనీకి నెలవారీ రిటైనర్. అనుమతి వస్తేనే ఇచ్చే సక్సెస్ ఫీజు మాత్రం వద్దు. అధికారి చేతిలో ఉన్న పనికి అలాంటి ఫీజు పెడితే అందులో కొంత బల్ల కింద చేతులు మారడానికి మీరే ఏర్పాటు చేసినట్టు. మాతృ సంస్థకు అమెరికా, బ్రిటన్ లింకులుంటే ఎఫ్‌సీపీఏ (విదేశాల్లో లంచాలపై అమెరికా చట్టం), 2010 నాటి బ్రిటన్ లంచాల చట్టం మధ్యవర్తి చేసిన దానికీ మిమ్మల్నే పట్టుకుంటాయి. ప్రభుత్వ రుసుములు బిల్లింగ్ కోడ్‌తో బ్యాంకులో కడతారు, రసీదు ఉంటుంది. నగదు అడిగి, కోడ్ లేదంటే విషయం అర్థమైపోవాలి.

ఎలాంటి వాళ్లకు ఏది

సాఫ్ట్‌వేర్ లేదా కన్సల్టింగ్ సేవలు, పూర్తి వాటా మీదే, భూమి లేదు: మంచి ఏజెన్సీ, సీ లైసెన్సు పన్ను సలహాదారు, కోడ్, మూలధనం మీద ఒక్కసారి లాయర్‌తో రాతపూర్వక సలహా. ఇంతే చాలు. స్థానిక భాగస్వామితో జాయింట్ వెంచర్ అయితే మధ్య స్థాయి ఫర్మ్ మొదటి రోజు నుంచే ఉండాలి, అదీ భాగస్వామి సిఫారసు చేసిన ఫర్మ్ కాకూడదు. ఫ్యాక్టరీ అయితే దీనికి పర్యావరణ కన్సల్టెంట్‌ని, ఆ ప్రావిన్స్ పీపీఏటీని చేర్చండి. కంపెనీల కొనుగోళ్లకు పెద్ద ఫర్మ్, బిగ్ ఫోర్ కలిసి. మార్కెట్ చూసి రావడానికే అయితే కంపెనీ అవసరం లేదు, ప్రతినిధి కార్యాలయం సరిపోతుంది. అది ఆదాయం సంపాదించకూడదు, ఇన్వాయిస్ ఇవ్వకూడదు.

తాళాలు ఎవరి దగ్గర

ఎవరిని ఎంచుకున్నా ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో (పని అప్పగింత ఒప్పందంలో) ఒక వాక్యం ఉండి తీరాలి: ఓఎస్ఎస్, కోర్‌ట్యాక్స్ (పన్ను శాఖ పోర్టల్) ఖాతాలు కంపెనీ ఈమెయిల్‌తో, కంపెనీ డైరెక్టర్ ఫోన్ నంబరుతో తెరవాలి. ఏజెన్సీ తన మెయిల్‌తో తెరిచేస్తే ఓటీపీ వాళ్లకే వెళ్తుంది. మీకు తెలియకుండా హెచ్చరిక లేఖలు అక్కడే పడి ఉంటాయి, మారదామంటే పాస్‌వర్డ్ కోసం బతిమాలాలి. పని ముగిశాక నోటరీ పత్రం ప్రతి, న్యాయశాఖ ఆమోద పత్రం, ఎన్ఐబీ, పన్ను సంఖ్య పత్రం, వాటాదారుల రిజిస్టర్, అసలు యజమాని నమోదు రుజువు, దాఖలైన ఎల్‌కేపీఎంల రసీదులు చేతికి రావాలి. చివరి విడత ఫీజును ఈ అప్పగింతకు ముడిపెట్టండి. పాస్‌వర్డ్‌లు మార్చి, కొత్త లాగిన్‌తో లోపలికి వెళ్లి చూశాకే ఆ మొత్తం విడుదల చేయండి.